తాళం ఫ్లాపీ

ఓంప్రకాశ్ పుస్తకం రాస్తున్నాడని చుట్టపక్కాలందరికీ తెలుసు. చదివినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. "ఎంతదాకొచ్చింది మీ గ్రంథం?" అని సుమిత్ర ముప్పై ఏళ్లు మొగుణ్ణి దెప్పింది. "మూడ్ వస్తలేదు" అని ఆయన ముప్పై ఏళ్లూ నవ్వాడు.

ఇప్పుడాయన లేడు. వచ్చే ఆదివారం సంవత్సరికం. ఆ రోజు నలుగురి ముందూ అందులోంచి ఒక్క పేజీ అయినా చదవాలని సుమిత్ర పట్టు.

కార్ఖానా బస్తీలో ఆయన నడిపిన శుభలేఖల షాపులోని మొదటి కంప్యూటర్ ఎప్పుడో మూలపడింది. పాత మిషన్లు బాగుచేసే జెఫ్రీ తంటాలు పడి దాని హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి ఇచ్చాడు. అందులోని తెలుగు ఆ కాలపు ప్రోగ్రాంలో తప్ప ఎక్కడ తెరిచినా చీమలు పాకినట్టుంది. ఆ ప్రోగ్రాం నడవాలంటే ఆ కాలపు మిషనే కావాలి. లేని మిషన్ని ఉన్నట్టు నటించే ఎమ్యులేటర్ ఒకటి లైనక్స్‌లో ఉంది గానీ, రెడీమేడ్‌గా దొరికింది వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. దాని సోర్సు కోడ్ తెచ్చుకుని సుమిత్ర తనే కట్టుకోవలసి వచ్చింది. ఇన్నాళ్లూ పెళ్లి ఫొటో పక్కన గోడకి వేలాడిన ఆమె బీఎస్సీ పట్టా కిందికి దిగింది.

మూడు రోజులు ఒకటే తంతు. ఒక కోడ్ లైబ్రరీ లేదంటుంది. అది తెస్తే ఇంకోటి లేదంటుంది.

"ఏందొదినా, పొయ్యి సుత ముట్టియ్యకుండ గీ డబ్బా ముందట కూసున్నవ్?" నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన ఆడపడుచు ఊర్మిళ గుమ్మంలోనే అందుకుంది.

"మీ చుట్టాల్లాగే ఉంది ఊర్మిళా. ఒకరు రాంది ఇంకొకరు రామంటున్నరు."

"పరేషాన్ గాకు. అన్న ఏ పని పూర్తిజేసిండని పుస్తకం పూర్తిజేస్తడు? రాసే ఉండడు."

నాలుగో నాడు మధ్యాహ్నం ఎమ్యులేటర్ బిల్డ్ తప్పు లేకుండా ఆఖరి వరుసకొచ్చింది. ఓంప్రకాశ్ డిస్క్ ఫైలు దానికి అప్పజెప్పింది సుమిత్ర. చిన్న నల్ల కిటికీలో ఆ పాత మిషన్ లేచి కూర్చుంది. ఫైళ్ల పట్టీలో పదకొండు అధ్యాయాలు.

ఊర్మిళ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

మొదటిది తెరిస్తే ప్రోగ్రాం అడ్డం పడింది. దొంగ కాపీలు నడవకుండా ప్రోగ్రాంతో పాటు అమ్మిన తాళం ఫ్లాపీ పెట్టాలట. పెట్టకపోతే ఏ ఫైల్లోనైనా మొదటి పేజీయే చూపిస్తుంది, ఒక్క అక్షరం కూడా కొట్టనివ్వదు.

కంప్యూటర్‌తో పాటు ఇచ్చిన ఆ ఫ్లాపీని జెఫ్రీ వెనక్కిచ్చేశాడు. "ఇది చదవట్లేదు మేడమ్. ఏదో ఎర్రగా అంటుకుంది" అన్నాడప్పుడు. సుమిత్ర కవర్లోంచి తీసింది. నల్లటి చదరం మధ్య, లోపలి రేకు కనబడే సందులో, ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ. ఆమె ఉంగరపు వేలి కొనంత.

ఆఖరి అధ్యాయం తేదీ చూసింది. 1994, అక్టోబరు పన్నెండు. మర్నాడు ఆయుధపూజ. కాపురానికొచ్చాక తన మొదటి దసరా. కీబోర్డుకి, కత్తెరకి, స్టేప్లర్‌కి, కనబడినదానికల్లా బొట్టు పెట్టింది. దీన్ని మాత్రం ఎందుకు వదలాలని దీనికీ పెట్టింది. హారతి పళ్లెం పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

"అన్న నీకెన్నడు చెప్పలేదా వదినా?"

"మూడ్ వస్తలేదని చెప్పిండు."

గోటితో కుంకుమ గీకబోయి ఆగింది. ఫ్లాపీని కవర్లో పెట్టి, నోటుబుక్కు తెరిచింది. పదకొండు మొదటి పేజీలున్నాయి. ఆదివారానికి ఇంకా మూడు రోజుల టైముంది.

"తరువాతి పేజీలేవని అందరు అడుగుతరు. ఏం చెప్తవ్?"

"బొట్టు ఎవరు పెట్టిన్రో చెప్త" అంది సుమిత్ర, తెర మీది మొదటి వాక్యం దించుకుంటూ. 'ఈ పుస్తకాన్ని చదవకముందే వెక్కిరించే మనిషి మా ఇంట్లో ఒకరున్నారు. ఇది ఆమె కోసమే.'