తల్లి అరచెయ్యి

మొక్కజొన్న చేలో అడవిపంది కుమ్మి ఏడేళ్ల పిల్ల కడుపు చీలిపోయింది. బయటపడ్డ పేగుల మీద తల్లి తడిగుడ్డ అదిమిపట్టి, ఆ చెయ్యి తియ్యకుండానే జీపులో ఆసుపత్రికి తీసుకొచ్చింది.

“ఇక వదులమ్మా, మేం చూసుకుంటాం,” అంది సర్జన్.

“వదిలితే నా బిడ్డ పోతుంది డాక్టరమ్మా!”

నర్సు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. సర్జన్ పేగులు శుభ్రంగా కడిగి, చిల్లులు పడ్డచోటల్లా కుట్టి, కడుపు మూసింది. పిల్ల గండం గట్టెక్కింది. కొన్నాళ్లకే గెంతులేస్తూ ఇల్లు పీకి పందిరేసింది.

తల్లికే నిద్ర కరువైంది. కన్ను మూస్తే చాలు, అరచేతి కింద ఏదో వెచ్చగా, జారుడుగా కదిలేది. ఉలిక్కిపడి లేచి, పిల్ల కడుపు మీద చెయ్యి అదిమేది.

ఒకనాడు పిల్ల మెలకువగానే ఉంది.

“అబ్బ, చక్కిలిగిలిగా ఉందమ్మా! చెయ్యి తియ్యవే,” అని కిలకిలా నవ్వింది.

తియ్యాలనే అనుకుంది తల్లి. చెయ్యి మాట వినలేదు.