పంపని రెండవ కమ్మ

జ్యేష్ఠమాసము కడపటి దినములలో గ్రీష్మతాపమున నెండి తెల్లబాఱిన పెన్నానది యిసుకతిన్నెలమీదుగా నైరుతి దిక్కునుండి వచ్చు తొలకరిగాలి చల్లగా సోకుచు తీరమునందలి చెట్లనుండి వేపపండ్లను రాల్చుచు మేఘశకలముల నీడలను కోటగోడలపై మెల్లమెల్లగా నడపించుచుండ నపరాహ్ణసమయమున కలువగిరిదుర్గము నుత్తరద్వారముచెంత నున్న లేఖాశాల జనసమ్మర్దముతో నిండియుండెను.

ఆ శాలయం దొక యాచారము కలదు. తాటాకు కమ్మలను కట్టగట్టి లక్కముద్ర వేయుటకు ముందు ప్రతి లేఖను పంపువారి యెదుట నొకసారి చదివి దానివలన వాటిల్లగల చిక్కులను వారి కెఱిగింపవలెను. అందుకొనవలసినవా డూర లేనిచో నా మాటయు లేఖలో పేర్కొన్న వస్తువు కట్టతో లేనిచో నా మాటయు పరులచేత పడునను శంక గలిగినచో నా మాటయు చెప్పి పంపువా రొప్పుకొనినపిమ్మటనే యంచెవాడు దానిని భుజమున వేసికొని పరుగెత్తును. ఈ హెచ్చరిక చెప్పు పని ముప్పదియేండ్లుగా పేరిందేవి యను వృద్ధురాలిది.

ఆనాడు మణికట్లదాక నీలిమందు మరకలంటిన చేతులతో నూలునకు రంగద్దు మాచమ్మ వచ్చి యామె యెదుట కూర్చుండెను. మూడేండ్ల క్రిందట పెనిమిటి కొమరయ్య యామెతో తగవులాడి నీవు పిలిచినగాని యీ గడప త్రొక్కనని పలికి సరిహద్దుకోటలో బంటుగా చేరెను. ఇప్పు డాతని గడువు తీరినది. పిలుపు వచ్చిన నింటికి వత్తును రానిచో కృష్ణ దాటి యుత్తరపు కోటకు పోవు దండుతో మఱి యైదేండ్లు పోదునని యాతడు కబురంపెను. మాచమ్మ చెప్పగా పేరిందేవి రెండు కమ్మలు వ్రాసెను. మొదటిదానిలో ఆవు ఈనినదనియు ఇంటికప్పు మార్పించితిననియు కలదు. రెండవదానిలో రమ్మని పిలుపును దాని వెంట నీవు పోయిననాటినుండి చాప యొకప్రక్కనే నలుగుచున్నదను మాటయు కలవు.

దానిని చదువుచు వృద్ధురాలు నిలిచిపోయెను.

“అమ్మీ, ఒక మాట. ఆ కోటలో కమ్మను వాని చేతికియ్యరు. మాపటేళ రాయసగాడు వందమంది ముందర నిలబడి గట్టిగా చదువుతాడు. ఈ చాప మాటకు వాళ్ళు పాట కట్టి పాడుకుంటారు.”

మాచమ్మ మొగము కందిపోయెను. “మొగునికి చెప్పుకునే మాట దండుకంతా ఎందుకవ్వా,” అని యా రెండవ కమ్మను తీసికొని ముక్కలుగా విఱిచెను. “కమ్మ పోతే పిలిచినట్టు గాదా. వాడేమన్నా చంటిబిడ్డా, తెలుసుకోకపోయేదానికి.”

ఆ మాటకు పేరిందేవి నవ్వి మొదటి కమ్మకు మాత్రమే ముద్ర వేసెను. లేఖలో నున్న మాటవలన కలుగు చిక్కులను చెప్పుటయం దారితేరిన యామెకు లేని మాటవలన కలుగు చిక్కు తోచదయ్యెను.

పదునాలుగు దినములు మాచమ్మ వాకిట నూలారవేయుచు త్రోవలోని ప్రతి తలపాగాను దూరమునుండి పరికించి దగ్గఱకు రాగానే కన్నులు దించుకొనుచుండెను. పదునైదవనా డంచెవాడు తిరిగివచ్చెనని విని తడిచేతులతోనే లేఖాశాలకు పోయెను.

“చదివినాక ఇంగో కమ్మ లేదా అని కొమరయ్య అడిగినాడవ్వా,” అని వాడు పేరిందేవితో చెప్పుచుండెను. “రాయసగాడు సంచి దులిపి చూపించినాడు. పక్కనోళ్ళు, నిన్ను ఆవు పిలుస్తాందిలే పోరా, అని నవ్వినారు. వాడూ నవ్వినాడు. తెల్లారి దండుతో పుట్టి ఎక్కి కృష్ణ దాటినాడు.”

వృద్ధురాలు మాచమ్మను చూచి చేతిలోని గంటమును క్రింద పెట్టెను. “నాదే తప్పు అమ్మీ. ఉన్న మాటకు భయపెట్టినాను గాని, లేని మాటేందో చెప్పలేదు.”

“విరిచింది నేనే కదవ్వా,” అని మాచమ్మ తడిచేతులను కొంగున తుడుచుకొని యింకొక కమ్మ వ్రాయుమనెను. వ్రాత ముగిసినంతట పేరిందేవి యాచారము తప్పక హెచ్చరించెను.

“కృష్ణ పొంగింది. కార్తీకం దాకా అంచె దాటదు. దాటినా వాడు ఏ కోటలో ఉండాడో తెలియదు. తెలిసినా అక్కడా అందరి ముందరే చదువుతారు.”

“తెలుసు. ముందు ఈడ చదువు. గట్టిగా.”

పేరిందేవి లేచి నిలిచి చదివెను. “రా. తప్పు నాదైనా రా, నీదైనా రా. ముసలోడివై వచ్చినా సరే, గడపకు ఎదురుగానే కూచునుంటాను.” ఉప్పుమూటలు దించుకొనుచున్న వర్తకులు వంగినవారు వంగినట్లే యుండిపోయిరి. ఒక్కరును నవ్వలేదు.

పంపువారి నాపగల హెచ్చరికలు వేయి నేర్చిన యా వృద్ధురాలు చెప్పక మిగిలిపోవు మాటకంటె మించిన కీడు లేదని ముప్పదియేండ్లకు తెలిసికొని తడిలక్కపై ముద్ర నొత్తుచుండగా మాచమ్మ యుత్తరదిక్కునకు మొగము త్రిప్పి యెవ్వరికిని వినబడని యడుగుల చప్పుడును వినుచున్నదానివలె నట్లే నిలిచియుండెను.