సీజియానికి దిష్టి

మళ్ళీ అదే పసుపు గీత! స్పెక్ట్రోస్కోపు ఎత్తి గెడ్డ నీళ్ళల్లో పారేద్దామనిపించింది.

పసుపు గీత అంటే సోడియం, అంటే వంటింటి ఉప్పు. నాకు కావలసింది సీజియం. మంటలో పెడితే రెండు నీలి గీతలు చూపిస్తుంది. అరకు కొండల రాళ్ళలోంచి ఆ అరుదైన సరుకు తీసి చూపిస్తానని జమీందారు గారికి మాటిచ్చి, డుంబ్రిగుడ సంత పక్కన రేకుల షెడ్డు వేయించుకున్నాను. 1926 వానాకాలమంతా దానికే తగలేశాను. మర్నాడు దివాను కృష్ణమూర్తి గారు చూడ్డానికి వస్తున్నారు. నీలి గీతలు తప్ప ఇంకేం కనిపించకూడదట. కనిపిస్తే షెడ్డుకి తాళం, నాకు మళ్ళీ పార్వతీపురంలో బడిపంతులు ఉద్యోగం.

నేను చేయని పని లేదు. గొట్టంలో రాతిపొడి పోసి, గాలంతా పంపుతో లాగేసి, కొలిమిలో కాల్చి, ఆవిరై చల్లటి కొసన పట్టిన తెల్లటి లవణాన్ని గీకి, మళ్ళీ అదే గొట్టంలో కాల్చాను. షెడ్డులో ఉప్పేసిన అంబలి తాగొద్దని కూలీలకి చెప్పాను. అందరిచేతా మోచేతుల దాకా కడిగించాను. అయినా పసుపు గీత నా మొహం మీద నవ్వుతూనే ఉంది.

మర్నాడు పెందరాళే వెళ్ళేసరికి, కొలిమి తిత్తి ఊదే సోములమ్మ గుప్పెడు కల్లుప్పు గొట్టం చుట్టూ తిప్పి నిప్పుల్లో పోస్తోంది. చిటపటమని పేలింది. ఆ పొగ షెడ్డంతా పరుచుకుని స్పెక్ట్రోస్కోపు ముందున్న నా దీపం మంటలోకీ వస్తోంది.

"ఏం చేస్తున్నావే? నా కొంప ముంచావు!"

"దిష్టి తీత్తన్నాను బాబూ. సంతకెల్లేవోలందరూ ఆగి గొట్టంకేసే సూత్తన్నారు. ముందర గొట్టాలన్నీ పగిలిపోనేదా? నాను తీత్తన్న కాణ్ణించి ఒక్కటైనా పగిలిందేటి?"

నిజమే, పగల్లేదు. అదే నా ఒళ్ళు మండించింది. ఉప్పు వద్దంటే తిత్తి ముట్టనంది.

"పోనీ బూడిద తిప్పుతాను."

"వద్దు! అందులో పొటాషియం ఉంటుంది, దానికి ఇంకో గీత!"

"ఏదీ వద్దంటే ఎలాగ? ఎండుమిరపకాయలో?"

విసిగిపోయి సరేనన్నాను. షెడ్డంతా కడిగించి, తలుపులన్నీ తీసి, మళ్ళీ చూశాను. పసుపు గీత మాయం! నల్లటి తెర మీద రెండు నీలి గీతలు. చిన్నపిల్లాడిలా గెంతాను.

దివాను గారు డోలీ దిగి, కండువా సర్దుకుని, స్పెక్ట్రోస్కోపు ముందు కూర్చున్నారు. నేను తీగను మంటలో పెట్టాను. ఆయన కన్ను ఆనించారో లేదో, వెనక కొలిమిలోంచి ఘాటైన పొగ గుప్పుమంది. అంత పెద్దమనిషి కన్ను పడుతుంటే ఊరుకుంటుందా మా సోములమ్మ? దోసెడు మిరపకాయలు తిప్పి పోసింది.

దివాను గారు దగ్గలేక చచ్చారు. కళ్ళలోంచి ధారలు. "గీతా లేదు, గాడిద గుడ్డూ లేదు!" అని అరుస్తూ బయటపడ్డారు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఒక్కసారి, కళ్ళు కడుక్కుని ఒక్కసారి చూడండి బాబూ!" ఆయన కళ్ళు నులుముకుంటూనే డోలీ ఎక్కి, "తాళం వేయించు" అన్నారు.

లోపల మంటలో ఆ రెండు నీలి గీతలూ తళతళలాడుతూనే ఉన్నాయి, చూసే నాథుడు లేక. నాకు ఏడుపొచ్చింది. సోములమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని నా భుజం తట్టింది.

"బెంగెట్టుకోకండి బాబూ. ఇంత ఘాటొచ్చిందంటే ఆయన దిష్టి తగల్నేదన్నమాట."