సారె సకినాల పేజీ

"మళ్ల చదువు" అంది సాయవ్వ, నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"ఇగ చాలమ్మా" అన్నాడు మధు. అతని చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి.

ప్రసన్న ఆగుతుందా? తమ పిండివంటల దుకాణం వెబ్‌సైటులో మొగుడు మధు రాసిన పేరాను, గొంతు సవరించుకుని మరీ అందుకుంది. "బాన్సువాడ సకినాలు కావాలా? బాన్సువాడలో బాన్సువాడ సకినాలంటే మా బాన్సువాడ సకినాలే. బాన్సువాడ సకినాలు తిన్నవారు బాన్సువాడ సకినాలనే..."

"ఒరేయ్, సకినం నోట్లె వెట్టుకునే సందన్న ఇయ్యరాదు" అంది సాయవ్వ కొడుకుతో.

"నవ్వుండ్రి. ఆటోకు మైకు కట్టుకోని నిజాంసాగర్ దాక తిరిగేటోణ్ని నేను. ఒక్కసారి చెప్తే ఎవరింటరు? పదిసార్లు చెప్తేనే చెవిల వడ్తది. గూగుల్ల మన పేజీ పైకి రావాలన్నా గంతే."

"ఆటో ఉరుక్కుంట పోతది, ఇనేటోళ్లకు ఒక్క ముక్కనే అందుతది. అందుకే అన్నిసార్లు చెప్తవ్" అంది ప్రసన్న. "గిది చదివేటోళ్ల చేతిల్నే ఉంటది గదా. రెండో లైనుకే మూసేస్తరు."

నవ్వుతూనే అంది కానీ లోపల ఆమెకు గుబులుగా ఉంది. వెబ్‌సైటు పెడదామని పట్టుబట్టింది తనే. దసరాలోపు దాని నుంచి ఒక్క బేరమన్నా రాకపోతే బంద్ చేయమని మామ ముత్తెన్న తేల్చి చెప్పాడు. ఆయన మాట్లాడేది తక్కువ, మాట మార్చేది ఇంకా తక్కువ.

మర్నాటి నుంచి ప్రసన్న దుకాణానికి వచ్చే ప్రతి ఫోనూ చెవొగ్గి వింది. ఒక్కరి నోటా "బాన్సువాడ సకినాలు" అన్న మాటే లేదు. బిచ్కుంద నుంచి జమునాబాయి అనే ఆమె, "బిడ్డకు ఏడో నెల. సారె తీస్కపోవాలె. గల్లీ అంత పంచాలంటే ఎన్ని కిలోలు వడ్తయి?" అని అడిగింది. ఇంకొకాయన, సకినాలు విరక్కుండా బస్సులో ఎట్లా తీసుకుపోవాలన్నాడు.

ప్రసన్నకు తలలో దీపం వెలిగినట్టయింది. జనం దుకాణాన్ని వెతకరు. తమ ఇంట్లో వచ్చిపడ్డ పనిని వెతుక్కుంటారు.

ఆ పూటే కూర్చుని పేజీ తిరగరాసింది. పైన "సారెకు సకినాలు ఎన్ని కిలోలు కావాలి?" అని పెట్టి, కింద ఇళ్ల లెక్కన జవాబు చెప్పింది. ఏ మాట ఎక్కడ అవసరమో అక్కడే వేసింది. ఊరి పేరు మొదటి వరుసలో ఒకసారి, చిరునామాలో ఒకసారి.

మధు మాత్రం ఊరుకునే మనిషా? ఓ రోజు సాయవ్వ పిండి చేత్తోనే ఫోను పట్టుకుని, పేజీ అడుగున ఖాళీ చోట వేలు నొక్కి ఉంచింది. ఆ ఖాళీ అంతా నీలంగా మారి, అందులోంచి బాన్సువాడ సకినాలు, బాన్సువాడ సకినాలు అంటూ తెల్లటి అక్షరాలు చీమల బారులా బయటపడ్డాయి.

"అయ్యో, పురుగులు వట్టినయే ప్రసన్నా" అంది.

"పురుగులు కావత్తమ్మా, మీ కొడుకు."

"తెల్లదాని మీద తెల్లగ రాసిన" అన్నాడు మధు, గొప్ప ఉపాయం చేసినట్టు. "చదివేటోళ్లకు కనవడది, గూగుల్‌కు కనవడ్తది."

"కనవడితే దొంగపనని మనల్ని అట్టడుగుకు నూకుతది" అంటూ ప్రసన్న వాటిని తుడిచేసింది. సాయవ్వ నవ్వాపుకోలేక గోడ పట్టుకుని నిలబడింది.

బతుకమ్మ ఆడే రోజుల్లో నిజామాబాద్ నుంచి ఫోను వచ్చింది. సారెకు ఎన్ని కిలోలని వెతికితే మీ పేజీ దొరికిందని, అందులో రాసిన లెక్క ప్రకారమే పంపమని ఒకావిడ చెప్పింది. ప్రసన్న "ఆఁ, ఆఁ" అంటూనే అత్త చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పింది. పిండి గాల్లోకి లేచింది. "నేను జెప్పలే, వెబ్‌సైటు మంచిదని" అంటూ మధు కూడా వాళ్లతో కలిసి తిరిగాడు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నాక, ముత్తెన్న కంచంలోంచి తలెత్తకుండానే "ఉండనియ్యి ఇగ" అన్నాడు.

మధు ముఖం వెలిగిపోయింది. "అయితే నేనొక చిన్న పేరా..."

ప్రసన్న అతని కంచంలో పప్పు వేస్తూ, ఎవరి వైపూ చూడకుండా మెల్లగా చెప్పింది.

"ఇప్పటిసంది పేజీ రాసుడు నాదే. పాస్‌వర్డ్ మార్చిన."