ఏడో సీసా

కాగితం ఊడి రాలేదు.

అబ్దుల్ వాహెద్ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. చార్మినార్ వెనక సందులో నలభై ఏళ్లుగా ఫ్రేములు కడుతున్నాడు. ఏది కట్టినా ఉర్దూ పేపర్లో చుట్టివ్వడం అలవాటు. ఈ ఆయిల్ పెయింటింగ్‌నీ పొద్దున అలాగే చుట్టేశాడు. ముందు మూల మీద వేలుపెట్టి చూశాడు కూడా. ఆరింది. అది పల్చగా పూసిన ఆకాశం. సీసాల మీద రంగు వెన్నముద్దలా ఉందని గమనించలేదు.

"చాచా! ఏం జేసినవ్!" గీతాంజలి చేతిలో చాయ్ ఒలికింది.

సైన్‌బోర్డులు రాసి బతికిన పిల్ల. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. మూడు నెలలు కూర్చుని వేసిన బొమ్మ ఇది. మూసీ నిండా ఎర్రటి వైన్, అందులో చేపల్లా ఈదే ఏడు సీసాలు, ఒడ్డున బిరడాలే మినార్లయిన చార్మినార్. వేయించుకున్న మైసయ్యకు మలక్‌పేటలో పందెపు గుర్రాలున్నాయి. అరుదైన పాత వైన్లు పోగెయ్యడం ఆయన పిచ్చి. ఇది నచ్చితే ఇంకో ఐదు బొమ్మలు ఆమెకే. నచ్చకపోతే మళ్లీ రోడ్డే.

గీతాంజలి గోటితో కాగితం మెల్లగా ఒలిచింది. ఆరు లేబుళ్ల మీద తిరగబడ్డ ఉర్దూ అక్షరాలు, నల్లటి మరకలు. ఏడోదాని మీద పేపర్ ఖాళీ అంచు పడి, అదొక్కటే శుభ్రంగా మిగిలింది.

"తుడువు బేటీ, జల్దీ!"

"తుడిస్తే సీసానే పోతది, చాచా."

సందు మొదట్లో కారు ఆగింది.

మైసయ్య వచ్చి బొమ్మకు జానెడు దూరంలో ముఖం పెట్టాడు.

"గీ మరకలు ఎవలు జేసిన్రు?"

గీతాంజలి నోరు తెరిచేలోపే వాహెద్ ముందుకొచ్చాడు. "నేనే సాబ్. పచ్చి రంగు మీద పేపర్ చుట్టిన. పిల్ల తప్పేం లేదు."

"చుక్క ముట్టనోనివి, నీకెట్ల తెల్సు భాయ్?" మైసయ్య గొంతు తగ్గింది. "నా నేలమాళిగల అసలు సరుకంతా గిట్లనే ఉంటది. చెమ్మకు లేబుల్ నాని, అక్షరాలు అలుక్కపోయి. మెరిసే లేబుల్ జూస్తే నకిలీ అంట. మొన్న పిల్ల ఫోన్ల పంపిన ఫోటోల లేబుళ్లన్నీ మెరుస్తున్నయని, బొమ్మ వద్దని చెప్దామనే వచ్చిన."

గీతాంజలి ఊపిరి పీల్చుకుంది.

"మరి గా ఏడోది ఎందుకిడిచిన్రు? దుకాణంల నిన్న కొన్నట్టుంది. నా ముంగటనే చెయ్యి."

వాహెద్ పేపర్ ముక్క చింపాడు. ఏడో లేబుల్ మీద పెట్టి, అదమకుండా ఆగాడు. గీతాంజలి అతని చేతి మీద తన చెయ్యి ఆనించింది. ఇద్దరూ కలిసి అదిమారు.

కాగితం లేచింది. దాంతోపాటు లేబుల్ అంచూ కాస్త లేచింది.

"బస్!" మైసయ్య చెయ్యెత్తాడు. "ఇగ ముట్టకు. ఆరినంక తీస్కపోత. తక్కిన ఐదు బొమ్మలు కూడ ఈడికే తెస్తది పిల్ల. గా పేపర్ మాత్రం నేను చెప్పినప్పుడే ముట్టాలె, భాయ్."