దేంట్లో పదో వంతు?

ఆ పిల్లను కాలేజీలో అందరూ గడగడ అనేవాళ్లు. లెక్క పేరు చెబితే చాలు, మొదటి వరస నుంచి జవాబు దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేది. లెక్కను చేసేది కాదు, అంకెలతో సహా బట్టీపట్టేది. పోయినేడు పరీక్షలో అంకెలు మార్చి ఇచ్చారు. మన గడగడ మహా ధైర్యంగా పుస్తకంలో ఉన్న పాత జవాబే రాసి, ఇంటికొచ్చి "ఇరగదీశానక్కా" అని చెప్పింది. ఫలితాలు వచ్చిన రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ తెల్లమొహాలు వేశారు.

కళ్లద్దాలు తయారుచేసే చదువు అది. అద్దం సానపట్టడంలో ఆమె చేతికి వంక పెట్టడానికి లేదు. గొడవంతా లెక్కలతోనే. ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తారు, అక్క పనిచేసే లాండ్రీలో తానూ ఇస్త్రీపెట్టె పట్టుకోవాల్సిందే. అక్కకూ చదువుకోవాలనే ఉండేది. ఒక్క సంపాదన మీద ఇద్దరి చదువు సాగదని తాను మానేసి, కిటికీ పక్కనున్న ఒకే ఒక్క మంచం చెల్లెలికిచ్చి, తాను నేల మీద చాప వేసుకుంటోంది. ఆ చాప చూసినప్పుడల్లా గడగడకు గుండె పిండేసినట్టుండేది.

ఈ ఏడు లెక్కలకు వేరే మేడమ్ వచ్చింది, ఇన్నాళ్లూ పక్క సెక్షన్‌కు చెప్పినావిడ. ఆవిడ పద్ధతే వేరు. వారానికోసారి అందరూ ఆవిడ నడిపే క్లాసు బ్లాగులో రాయాలి. రాయాల్సింది జవాబు కాదు, ఎక్కడ ఆగిపోయారో, అక్కడ బుర్రలో ఏం తిరిగిందో రాయాలి. గడగడకు పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. బట్టీపట్టేవాళ్లు ఎక్కడా ఆగరు కదా, ఏం రాస్తుంది పాపం? బ్లాగులో కిందికి వెళితే పాత విద్యార్థుల రాతలు కనిపించాయి. ఒక సీనియర్ తన తికమకను భలేగా చెప్పుకుంది. గడగడ దాన్ని ఎత్తి, ఇక్కడో మాట అక్కడో మాట మార్చి, తన పేరుతో పెట్టేసింది. జవాబులు కాపీ కొట్టేవాళ్లను చూశాం గానీ, తికమకను కాపీ కొట్టిన ఘనత ఈ మహాతల్లిదే.

మర్నాటికల్లా దాని కింద మేడమ్ రాసిన మాట ఉంది. "చాలా బాగుంది. ఇది నాకు ఇష్టమైన పోస్టు, మూడేళ్లుగా చదువుతున్నాను. ఇప్పుడు నీ సంగతి చెప్పు."

గడగడ చెవులు వేడెక్కాయి. ఆవిడ నాలుగు తిట్టి ఉన్నా ఇంత సిగ్గుపడేది కాదు. కాలేజీ నుంచి నేరుగా లాండ్రీకి వెళ్లింది.

"ఏమైందే, మొహం అలా వేలాడేశావ్?" అంది అక్క.

"మేడమ్ నా సంగతి రాయమంటున్నారక్కా. రాస్తే నాకేమీ రాదని అందరికీ తెలిసిపోతుంది."

అక్క దుప్పటి మడత పెట్టడం ఆపలేదు. "పోయినేడు మార్కులు చూసి తెలుసుకున్నారుగా! ఇంకా ఎవరి దగ్గర దాస్తావే?"

గడగడకు నవ్వొచ్చింది. బట్టల మూటల మధ్య కూర్చుని, ఫోన్‌లో ఉన్నదున్నట్టు రాసేసింది. "నాకు లెక్కలు రావు, అప్పజెప్పడం వచ్చు. నూటిలోంచి పది శాతం తీసి, మళ్లీ పది శాతం కలిపితే నూరే కదా రావాలి? పుస్తకం తొంభై తొమ్మిది అంటోంది. నేనూ తొంభై తొమ్మిదే బట్టీపట్టాను. ఎందుకో మాత్రం ఈ రోజుకీ తెలీదు."

ఏడిపిస్తారనుకుంది. ముందుగా పలికింది వెనక బెంచీలో కునికిపాట్లు పడే నిద్రమొహం. "నేనూ ఇక్కడే చాలా కొట్టుకున్నా. పది శాతం అనగానే 'దేంట్లో?' అని అడుగు. తీసింది నూటిలో పదో వంతు. కలిపేటప్పుడు నీ దగ్గర ఉన్నది తొంభయ్యే, దాంట్లో పదో వంతు తొమ్మిదే కదా." దాని కింద 'నాకూ తెలీదు', 'నాకూ' అంటూ సగం క్లాసు బయటపడింది. మర్నాడు మేడమ్ పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టింది. అప్పట్నుంచి గడగడ ప్రతి వారం తాను ఆగిన చోటే రాసింది. రాయడానికి కూర్చున్నాక సగం చిక్కులు వాటంతటవే విడిపోయేవి.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఒక అద్దం తన మీద పడ్డ వెలుగులో పదో వంతును ఆపేస్తుందట. అలాంటి అద్దాలు మూడు వరసగా పెడితే, నూటికి ఎంత వెలుగు బయటికి వస్తుంది? ఏ పుస్తకంలోనూ లేని లెక్క. గడగడ నూటిలోంచి మూడు పదులు తీసేసింది. డెబ్భై అని రాయబోయి ఆగింది. కాగితం అంచున బ్లాగులో రాసినట్టే రాసుకుంది: ఇక్కడ ఆగాను. దేంట్లో పదో వంతు? మొదటి అద్దం దాటింది తొంభై. రెండోది ఆపేది ఆ తొంభైలో. ఎనభై ఒకటి. మూడోది దాటాక డెబ్భై రెండు పాయింట్ తొమ్మిది. జీవితంలో మొదటిసారి ఒక జవాబు తనకు తానుగా దొరికింది. నిద్రమొహం ఎదురుగా ఉంటే దణ్నం పెట్టేసేది.

పాసైంది. మేడమ్‌కు కృతజ్ఞతలు చెప్పబోయి మూడుసార్లు తప్పుగా మొదలుపెట్టింది. గడగడ అలా తడుముకోవడం కాలేజీలో అదే మొదలు. కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం రాగానే చేసిన మొదటి పని, అదే కాలేజీలో సాయంత్రం బ్యాచీలో అక్క పేరు రాయించడం. అక్క ఈ వయసులో చదువేంటంటూ గింజుకుంది. చెల్లెలు వింటేగా!

తొలి వారం గడగడ పాత బ్లాగు తెరిచి చూసింది. అక్క రాసింది నాలుగు వాక్యాలే.

"ఎక్కడ ఆగారో రాయమన్నారు మేడమ్. నేను లెక్క దగ్గర ఆగలేదండి, ఇంటి దగ్గర ఆగాను. మా చెల్లి చదవాలని. అది చదివింది, ఇప్పుడు నేను మొదలుపెడుతున్నాను."

అక్షరాలు అలుక్కుపోతుంటే గడగడ కళ్లు తుడుచుకుని, దాని కింద టైపు చేసింది. "అక్కా, ఇవాళ్టి నుంచి మంచం నీది."