చాటెడు తవుడు

కూతురు జాహ్నవికి జ్వరం తగిలిన దగ్గర్నుంచి సముద్రం నడుమ దీవిలో ఉన్న బాంబూఫ్లాట్‌లోని ఆ రేకులింట్లో ప్రమోద కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. మొగుడు కన్నారావు వేట మానేసి, పడవను ఒడ్డుకు లాగేసి, ఇంటిపట్టునే ఉన్నాడు. ఉండి ఏం లాభం? మంచం పక్కన కూర్చుని పిల్ల నుదురు తడమడం, "ఇంకా ఏడిగానే ఉందే" అనడం. ఆ ముక్క చెప్పడానికి అంత మనిషి అక్కర్లేదని ప్రమోద లోపల్లోపల పళ్ళు నూరుకుంటోంది.

వైద్యం చేయించలేదనుకునేరు. ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది, భయం లేదంది, మందులు రాసింది. తగ్గడానికి కొన్నాళ్ళు పడుతుంది, పిల్ల కడుపులోకి మాత్రం ఏదో ఒకటి పోతూ ఉండాలని మరీ మరీ చెప్పింది. వచ్చిన చిక్కల్లా అక్కడే. ఐదేళ్ళ జాహ్నవి మందు మింగేది గాని, తిండి పేరెత్తితే పెదాలు బిగించేది. జావ వద్దు, చారన్నం వద్దు, బిస్కెట్టు వద్దు. పీతల పులుసుకు ప్రాణమిచ్చే పిల్ల ఆ గిన్నె చూసి మొహం గోడకు తిప్పేసింది. అప్పుడు మాత్రం ప్రమోదకు నిజంగా భయం వేసింది.

"జొరం తగ్గనీ, మొదటి ఓడకే ఊరెల్లిపోదాం" అంది మొగుడితో. "నువ్వు సముద్రం మీదికి పోతే నానొక్కదాన్నే. అరిసి పిలిస్తే పలికే దిక్కు లేదు. ఈ దీవిలో మనకెవలున్నారు సెప్పు?"

కన్నారావు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు. మొదటి వేలు దగ్గరే ఆగిపోయాడు.

ఆ సాయంత్రం కళింగపట్నం దగ్గరి ఊరి నుంచి అత్తగారు అమ్మడు వీడియో కాల్ చేసింది. ఆవిడ ఫోన్ పట్టుకుంటే నుదురూ ఇంటి దూలమూ తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ నుదురే ముడిపడి కేకేసింది.

"ఒలే, గుంటని తవిటికి అమ్మీయే!"

"అదేటత్తా?"

"ఏటంటావేటి? మీ మావకి తవిటయ్యని పేరెలగొచ్చిందనుకున్నావు? సిన్నప్పుడు మంచానపడితే మా అత్త చాటెడు తవుడుకి పరాయోలకి అమ్మీసినాది. ఈ తల్లి బిడ్డ కోసం వొచ్చిన జొరం, బిడ్డ ఈవిడది కాదని తెలిస్తే ఎనక్కి తిరిగి పోతాది. అలగే పోనాది. మీ మావ బతికీసి, నన్ను మనువాడి, ఇప్పటికీ నా పేనం తోడేస్తన్నాడు."

దూలం వెనక నుంచి ఎవరో దగ్గారు. మామగారే అయ్యుండాలి.

ప్రమోద ఇంటర్ చదివింది. ఇలాంటివి నమ్మదు. కానీ ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు? మందు మానేయమనలేదు కదా, మందుతో పాటు తవుడు. చుట్టాలకు అమ్మకూడదట, కొనేవాళ్ళే తవుడు తెచ్చి ఇవ్వాలట. కొనేవాళ్ళు కుదిరితే వాళ్ళ చేతికివ్వడానికి ముందుగా కాస్త తవుడు చూసి పెట్టమని మొగుణ్ణి బజారుకు తోలింది.

మన ఊళ్ళో అయితే ఏ మిల్లు గుమ్మంలో నిలబడ్డా తవుడు ఊరకే పోస్తారు. ఇక్కడి దుకాణాలకు బియ్యం తెల్లగా పాలిష్ పట్టి ఓడలో వస్తుంది. తవుడును ఓడెక్కించే వెర్రివాడెవడు? కన్నారావు బజారంతా గాలించి ఖాళీ సంచీతో తిరిగొచ్చాడు.

"గణపతి భయ్యా కొట్టులో ఓట్స్ ఉన్నాయంట. తవుడులాగే ఉంటాయంటన్నాడు" అన్నాడు నసుగుతూ.

ప్రమోద చూసిన చూపుకు అతను రెండడుగులు వెనక్కి వేశాడు. వేసి, నెమ్మదిగా అసలు మాట చెప్పాడు. "తవుడున్న కొంప ఒకటే ఉంది. కోళ్ళున్న కొంప."

ఆ కొంప పక్కిల్లే. అందులో ఉండేది ఫూల్మణి. రాంచీ నుంచి వచ్చిన కూలీల మనవరాలు, ఈ దీవిలోనే పుట్టి పెరిగిన మనిషి, నెరిసిన జుట్టుతో ఒంటరిగా కోళ్ళు పెంచుకుంటోంది. వాటి మేతకు ఉత్తరాన ఉన్న అన్న పొలం నుంచి తవుడు బస్సులో తెప్పించుకుంటుంది. ప్రమోదకూ ఆవిడకూ ఉప్పుకీ నిప్పుకీ ఉన్నంత స్నేహం. ప్రమోద పట్టా మీద నెత్తళ్ళ చేపలు ఎండబెడితే ఫూల్మణి కోళ్ళు వచ్చి విందు చేసుకునేవి. ఒకనాడు ప్రమోద చెప్పు విసిరింది. చెప్పు గురి తప్పలేదు. కోడి కుంటింది, ఫూల్మణి తిట్టింది, ప్రమోద బదులిచ్చింది. మర్నాటికల్లా రెండిళ్ళ మధ్య కొబ్బరాకుల దడి లేచింది. అప్పట్నుంచి మాటల్లేవు.

దడి పక్కన నిలబడి ప్రమోద గొంతు సవరించుకుంది.

"దీదీ... బచ్చీ ఏమీ తినడం లేదు. మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది..."

ఫూల్మణి మేత చల్లడం ఆపి అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా కోడి సంగతి ఎత్తలేదు.

"అమ్ముతావా? ముజే? నాకా?" అంది చివరికి. "పక్కా?"

"పక్కా."

ఫూల్మణి కాళ్ళు చేతులు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, చాటనిండా తవుడుతో వచ్చింది. ఆ చీర చూసి ప్రమోదకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. తవుడు గిన్నెలోకి వంపి, ఖాళీ చాటలో పిల్లను కూర్చోబెట్టారు. ఐదేళ్ళ పిల్ల చాటలో ఎక్కడ పడుతుంది? కాళ్ళు రెండూ బయట వేలాడాయి. ఎన్నాళ్ళ తర్వాతో జాహ్నవి చిన్నగా నవ్వింది.

"ఈ గుంట నాది కాదు" అనాలి ప్రమోద. నాలుక తిరగలేదు. ఉత్తుత్తి మాటేనని తెలుసు. అయినా కన్నతల్లి నోట ఆ మాట రావడం ఎంత కష్టమో అంటేగాని తెలియదు. కన్నారావు భుజం మీద చెయ్యి వేస్తే అంది. "ఈ గుంట నాది కాదు. నీది. దీని పేరు తవిటమ్మ."

"మేరీ బేటీ" అంది ఫూల్మణి, ఎత్తుకుంటూ.

అంతటితో అయిపోయిందని ప్రమోద అనుకుంది. ఫూల్మణి అలా అనుకోలేదు. కొన్నది కొన్నట్టే. నా బేటీ గదిలో గాలాడదేం అని కిటికీలు తెరిపించింది. నా బేటీ ముందు ఏడుపు మొహాలు పెట్టొద్దని మొగుడూ పెళ్ళాలిద్దర్నీ బయటికి తోలింది. గంజిలో మెతుకులు మెదిపి, రెండు నలకల ఉప్పు వేసి, కోడిపుంజు కథ చెబుతూ ముద్ద అందించింది. తవిటమ్మ నోరు తెరిచింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఊరకే అన్నారా? గుమ్మం బయట ఆ గుటక చప్పుడు విని ప్రమోద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రెండు రోజుల్లో జ్వరం దిగింది. డాక్టరమ్మ మందు గొప్పా, ఫూల్మణి గంజి గొప్పా, అమ్మడు తవుడు గొప్పా అన్న వాదం మనకెందుకు? ఎవరి వంతు వారికి ఇచ్చేద్దాం.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. ఒంట్లో బలం రాగానే పిల్ల దడిలో సందు చేసుకుని అటు దూరడం మొదలుపెట్టింది. నీళ్ళు పోసుకుందాం రమ్మంటే, "నాను తవిటమ్మని. అమ్ముడైపోనాను. నువ్వెవలు నాకు?" అంటుంది. అంగన్‌వాడీలో పేరడిగితే అదే చెప్పింది. కన్నారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రమోదకు ఒళ్ళు మండిపోయింది.

"ఓడ టికెట్లు తియ్యి" అంది మొగుడితో. పిల్ల తేరుకుంటే తిరిగి కొనుక్కోవాలనీ ఆచారమే. చాటనిండా బియ్యం, పైన కొత్త చీర పెట్టుకుని పక్కింటికి బయల్దేరింది.

ఫూల్మణి చాట వైపు చూడను కూడా లేదు. "నై బేచూంగీ. అమ్మను" అంది.

"అదేటి దీదీ, ఇది ఆచారం. వచ్చే ఓడకి మేం ఊరెళ్ళిపోతున్నాం. పిల్లని ఇచ్చెయ్యాలి."

"ఊరా? నా బేటీని నన్నడక్కుండా ఓడెక్కిస్తావా? క్యూఁ? ఎందుకు?"

"ఇక్కడ మాకెవరున్నారు?" అంది ప్రమోద. ఇన్నాళ్ళు మొగుడి మీద అరిచిన మాటే. ఇప్పుడు మాత్రం అరవలేకపోయింది.

ఫూల్మణి ఆమె చేతిలో చాట తీసి కింద పెట్టింది. "పగ్లీ! బేటీ మేరీ. తో బేటీ కీ మా కిస్‌కీ?" అని, కూతురు నాదైతే కూతురి తల్లి ఎవరిదని నిలదీసి, జవాబు కోసం ఆగకుండా దడి దగ్గరికి నడిచి, పిల్ల చేసిన సందులోంచి కొబ్బరాకులు ఒక్కొక్కటే పీకి అవతల పారేయడం మొదలుపెట్టింది. ప్రమోద కూడా చెంగు దోపుకుని రెండో కొస నుంచి పీకసాగింది.

దడి పోయిన దారిన కోళ్ళన్నీ తిన్నగా నెత్తళ్ళ మీదికి వచ్చాయి. అన్నింటికంటే ముందు కుంటిది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద నుదురూ, దూలమూ.

"ఒలే, గుంటని తిరిగి కొనీసినావా?"

"నేదత్తా" అంది ప్రమోద, కుంటికోడికి ఓ నెత్తల్లి విసురుతూ. "దీదీ అమ్మనంటంది. నన్నూ కలిపి కొనీసినాది."